చంటిబిడ్డకు జబ్బు చేస్తే... కోనసీమ కుటుంబాలు ముందే తెలుసుకోవలసిన సంగతులు

అమలాపురం: గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ ఒదిగిన కోనసీమలో పిల్లల ఆరోగ్యం చాలావరకు దూరంతో ముడిపడి ఉన్న సమస్య. ఇక్కడ వైద్యులు లేరని కాదు. అమలాపురం, రాజోలు, కొత్తపేటలలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. అమలాపురంలో కిమ్స్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అయితే పసికందు పరిస్థితి విషమించినప్పుడు కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో, రాజమహేంద్రవరానికో తీసుకువెళ్లమని చీటీ రాసి ఇవ్వడం పరిపాటి. అమలాపురం నుంచి ఏ వైపు వెళ్లినా సుమారు 60 కిలోమీటర్ల ప్రయాణం. ఆ చీటీ చేతికి అందేసరికే విలువైన కాలం గడిచిపోయి ఉంటున్నది. రెండు రోజులు ఇంట్లో నాటుమందు, మరొక రోజు ఊళ్లో ఆర్.ఎం.పి. వద్ద సూదిమందు, ఆ తరువాత ఆటో, ఆ పిమ్మట అంబులెన్సు. ఈ వరుసలో ఎక్కడ కాలం వృథా అవుతున్నదో, దానిని ఎలా తగ్గించుకోవచ్చునో, ఆసుపత్రిలో చేరిన కుటుంబానికి చట్టరీత్యా, పథకాలరీత్యా ఏ అండ లభిస్తుందో తెలియజేసేదే ఈ కథనం.

ఎటు వెళ్లాలో ముందే నిర్ణయించుకోవాలి

కోనసీమలో దగ్గరి ఆసుపత్రి ఏదన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వాసులు చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం వైపు వెళ్లడం ఆనవాయితీ. ముమ్మిడివరం, ఐ.పోలవరం వారికి యానాం - ఎదుర్లంక బాలయోగి వారధి మీదుగా కాకినాడ అనుకూలం. కొత్తపేట, రావులపాలెం వారికి జాతీయ రహదారిపై రాజమహేంద్రవరం సులువు. జిల్లా హద్దులు, రికార్డుల సంగతి ఎలా ఉన్నా బిడ్డ ప్రాణానికి దగ్గర దారే సరైన దారి. పగలు తీరిక ఉన్నప్పుడే ఇంటి పెద్దలు ఈ విషయం చర్చించుకుని, రాత్రివేళ పిల్లల వైద్యుడు అందుబాటులో ఉండే ఆసుపత్రి ఏదో విచారించి పెట్టుకోవాలి. ఆపద వచ్చిన తరువాత విచారణ మొదలుపెడితే గంట పోతుంది.

లంక గ్రామాల పరిస్థితి వేరు. పి.గన్నవరం మండలంలోని జి.పెదపూడి లంక, ఊడిమూడి లంక, బూరుగులంక వంటి ఊళ్ల ప్రజలు గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ తాత్కాలిక రహదారి కొట్టుకుపోయి, ఏళ్ల తరబడి నాటుపడవనే నమ్ముకున్నారు. రాత్రి పూట పడవ నడిపేవారి ఫోను నంబరు గోడమీద రాసి ఉంచుకోవడం ఆ ఊళ్లలో చిన్న విషయం కాదు.

ఉచిత అంబులెన్సు సేవ 108 ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. 2020 జులై 1న రాష్ట్రంలో ప్రారంభించిన కొత్త 108 వాహనాలలో 26 ప్రత్యేకించి నవజాత శిశువుల కోసం సిద్ధం చేసినవి. ఫోను చేసినప్పుడు ఊరి పేరుతో పాటు మండలం, సమీపంలోని గుడి లేక వంతెన, బిడ్డ వయస్సు, ప్రస్తుత స్థితి చెప్పాలి. కోనసీమలో ఒకే పేరుగల పేటలు, పాలేలు, లంకలు అనేకం. మండలం చెప్పకపోతే వాహనం వేరే దారి పట్టే ప్రమాదం ఉంది. వాహనం వచ్చేలోగా బిడ్డను రోడ్డు మీదికి తీసుకువచ్చి ఉంచడం మేలు. కొబ్బరి తోటల మధ్య గట్ల మీదికి అంబులెన్సు రాలేదు.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆగరాదు

జబ్బు పేరు తెలుసుకోవడం తల్లి పని కాదు. బిడ్డ పరిస్థితి ప్రమాదకరమా కాదా అన్నది గుర్తించగలిగితే చాలు. అయిదేళ్లలోపు బిడ్డ పాలు గానీ నీళ్లు గానీ తాగలేకపోవడం, తాగినదంతా వాంతి చేసుకోవడం, ఫిట్స్ రావడం, మత్తుగా పడి ఉండి పిలిచినా పలకకపోవడం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ క్షణమే ఆసుపత్రికి బయలుదేరాలి. తెల్లవారనిద్దాం, మంగళవారం కదా వంటి మాటలకు తావు ఇవ్వరాదు.

ఊపిరితిత్తుల వాపును, అంటే న్యుమోనియాను గుర్తించడానికి యంత్రాలు అక్కరలేదు. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు గానీ, ఏడవకుండా ఉన్నప్పుడు గానీ చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం శ్వాసలు లెక్కించాలి. రెండు నెలల లోపు పసికందుకు నిమిషానికి 60 లేక అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాది లోపు వారికి 50 లేక అంతకు మించి, ఏడాది నుంచి అయిదేళ్ల వారికి 40 లేక అంతకు మించి ఉంటే అది వేగంగా శ్వాసించడమే. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నట్లయితే పరిస్థితి మరింత తీవ్రమైనదని గ్రహించాలి. ‘డొక్కలు ఎగరేస్తున్నాడు’ అని మన పల్లెల్లో అనే మాట ఈ లక్షణాన్నే చెబుతుంది. మాట పాతదే గానీ, దానికి మందుగా పొట్టమీద వాతలు పెట్టడం మాత్రం దారుణం. వాత వల్ల జబ్బు తగ్గదు సరికదా కాలిన పుండు మరొక రోగానికి దారి అవుతుంది.

నెలలోపు బిడ్డ విషయంలో మరింత జాగరూకత అవసరం. జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా రెండూ ప్రమాద సూచనలే. పాలు తాగడం తగ్గించడం, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము కారడం, పసుపు రంగు అరచేతులకు, అరికాళ్లకు పాకడం కనిపిస్తే వెంటనే చూపించాలి. పుట్టిన తొలి 24 గంటలలోనే కామెర్లు కనిపిస్తే అది సాధారణం కాదు. పెద్దల కామెర్లకు ఇచ్చే పసరు మందు పసికందుకు పోయరాదు. కామెర్లు మెదడుకు ఎక్కితే వినికిడి లోపం, శాశ్వత వైకల్యం మిగులుతాయి. నీలికాంతి కింద ఉంచే సులభ చికిత్సతో చాలామంది బిడ్డలకు ఆ ముప్పు తప్పుతుంది.

కొబ్బరి నీళ్లు మంచివే, కానీ...

వేసవి చివర, వరదల అనంతరం కోనసీమలో పిల్లలను ఎక్కువగా బాధించేవి నీళ్ల విరేచనాలు. ఇక్కడ ప్రతి ఇంటి పెరట్లోనూ కొబ్బరి చెట్టు ఉంటుంది కనుక విరేచనాలు పట్టుకున్న బిడ్డకు బోండాం కొట్టి ఇవ్వడం అలవాటు. అది తప్పు కాదు. కానీ దానితోనే సరిపెట్టుకోవడం తప్పు. విరేచనాలలో శరీరం నుంచి ముఖ్యంగా కోల్పోయేది నీరు, ఉప్పు. కొబ్బరి నీళ్లలో పొటాషియం సమృద్ధిగా ఉన్నా సోడియం చాలా తక్కువ. అందువల్ల అవి ఓ.ఆర్.ఎస్. ద్రావణానికి తోడు కాగలవే గానీ బదులు కాలేవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించిన ఓ.ఆర్.ఎస్. పొడి ఒక లీటరుకు సరిపడే ప్యాకెట్టు 20.5 గ్రాములు ఉంటుంది. అందులో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు. ఈ కొలతలు దీర్ఘకాల పరిశోధన ఫలితం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి తాగించి వేలాది ప్రాణాలను నిలిపారు. ఇప్పుడు ఆ మందు ఆశా కార్యకర్త సంచిలో ఉచితంగా దొరుకుతున్నది.

ప్యాకెట్టు మొత్తాన్ని ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. చిన్న బిడ్డ కదా అని గ్లాసుడు నీటిలో పావు ప్యాకెట్టు అంచనాగా కలపడం వల్ల ఉప్పు ఎక్కువై హాని కలగవచ్చు. కలిపిన ద్రావణాన్ని 24 గంటల తరువాత పారబోయాలి. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత పావు కప్పు నుంచి అర కప్పు, అంతకు పైబడిన వారికి అర కప్పు నుంచి కప్పు ఇవ్వాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో కొద్దికొద్దిగా తిరిగి మొదలుపెట్టాలి. ప్యాకెట్టు అందనప్పుడు లీటరు నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ గీటుకు సమంగా కొలిచి కలిపి ఇవ్వవచ్చు. ఉప్పు వేసిన పలుచని గంజి మన తాతమ్మల వైద్యమే. దానిని నేటి వైద్యులూ కాదనడం లేదు. తల్లిపాలు ఆపరాదు. ఆహారమూ ఆపరాదు. ‘లంఖణం పరమౌషధం’ అన్నది విరేచనాలు పట్టిన పసివారికి వర్తించదు.

ద్రావణంతో పాటు జింకు మాత్రలు 14 రోజులు ఇవ్వాలి. రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటి అయిదేళ్ల వరకు 20 మిల్లీగ్రాములు. విరేచనాలు మూడో రోజుకే కట్టాయని మాత్రలు మానివేయడం ఎక్కువ మంది చేస్తున్న పొరపాటు. కళ్లు లోతుకు పోవడం, చర్మం పట్టి వదిలితే మెల్లగా వెనక్కు వెళ్లడం, విరేచనంలో రక్తం కనిపిస్తే ఇంటి వైద్యంతో ఆలస్యం చేయరాదు.

ఇక్కడ మరొక హెచ్చరిక. ఓ.ఆర్.ఎస్. అనే అక్షరాలు ముద్రించుకుని దుకాణాలలో అమ్మిన తీపి పానీయాలు అనేకం అసలు ఓ.ఆర్.ఎస్. కావు. వాటిలోని అధిక చక్కెర విరేచనాలను పెంచుతుంది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లు చేసిన పోరాటం తరువాత, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలకు సరిపోని పానీయాలపై ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఆదేశించింది. కొనేముందు డబ్బా మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని రాసి ఉన్నదో లేదో చూడాలి.

జ్వరం మందు కొలత తప్పితే

ఇళ్లలో ఎక్కువగా పొరపాటు జరిగేది పారాసిటమాల్ సీసాల వద్ద. చంటిబిడ్డల చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సాధారణ సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, మరొక రకంలో 250 మిల్లీగ్రాములు. అంటే చుక్కల మందు సాధారణ సిరప్ కన్నా నాలుగు రెట్లు గాఢమైనది. రెండూ తీయగానే ఉంటాయి, రంగూ ఒకటే కావచ్చు. సిరప్ చెంచాతో చుక్కల మందు పోస్తే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. మోతాదు వయస్సును బట్టి కాక బరువును బట్టి నిర్ణయిస్తారు. కిలోకు 15 మిల్లీగ్రాముల వంతున, కనీసం నాలుగు నుంచి ఆరు గంటల వ్యవధిలో, రోజుకు నాలుగు సార్లకు మించకుండా ఇవ్వాలి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే మందు వేసి ఊరుకోక వైద్యుడికి చూపించాలి.

వర్షాకాలంలో జ్వరం అనగానే డెంగీని అనుమానించడం ఇప్పుడు అందరికీ అలవాటైంది. అయితే తల్లిదండ్రులు ప్లేట్‌లెట్ల సంఖ్య మీదనే దృష్టి పెట్టి అసలు ప్రమాద ఘడియను విస్మరిస్తున్నారు. డెంగీలో ఎక్కువ ముప్పు జ్వరం తగ్గే వేళ. జ్వరం దిగింది కదా అని ఊరట చెందిన రోజునే కడుపునొప్పి, ఆగని వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గిపోవడం కనిపిస్తే అది అత్యవసర స్థితి. ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఇవ్వరాదు.

జ్వరంతో ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా, నీళ్లు, ఉల్లిరసం ఏదీ పెట్టరాదు. చేతిలో ఇనుప తాళాలు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. ఫిట్స్ తమంతట తాము తగ్గే సమయానికి తాళాలు చేతిలో ఉంటాయి కనుక ఆ ఘనత తాళాలకు దక్కుతున్నది. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కు ఫోను చేయాలి. మొదటిసారి వచ్చిన ఫిట్స్ త్వరగా ఆగిపోయినా ఆ రోజే వైద్యుడికి చూపించాలి.

దగ్గు మందుల విషయమై 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో జరిగిన ఘోరం తెలిసినదే. తమిళనాడులో తయారైన ఒక సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసి, మూత్రపిండాలు చెడి ఇరవై మందికి పైగా చిన్నారులు మరణించారు. ఆ దరిమిలా కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదని, అయిదేళ్లలోపు వారికి సాధారణంగా సిఫారసు చేయరాదని స్పష్టం చేసింది. ఏడాది నిండని బిడ్డకు దగ్గు అని తేనె నాకించడమూ ప్రమాదమే.

తొలి నెల

పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టడం, ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మరేదీ ఇవ్వకపోవడం గురించి ప్రచారం బాగానే జరిగింది. అయినా పురిటి గదిలో ఆముదం చుక్క, పంచదార నీళ్లు, వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయడం నేటికీ ఆగలేదు. బొడ్డు మీద బూడిద, నూనె, పౌడరు వేయరాదు. చెవిలో, ముక్కులో నూనె పోయరాదు. పెద్దవారి మనస్సు నొప్పించకుండా ఈ మాట చెప్పడం కోడళ్లకు కష్టమే. ఏ.ఎన్.ఎం. చేత చెప్పించడం ఒక ఉపాయం.

రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి గానీ, తండ్రి గానీ, అమ్మమ్మ గానీ రొమ్ముకు ఆనించి గుడ్డతో కట్టుకునే కంగారూ పద్ధతి ఖర్చు లేని చికిత్స. ఆసుపత్రికి తరలించే దారిలోనూ ఇదే బిడ్డకు వెచ్చదనాన్నిస్తుంది. నెలలు నిండకుండా పుట్టి నవజాత శిశు చికిత్సా విభాగంలో ఉండి వచ్చిన బిడ్డ విషయంలో తల్లిదండ్రులు మరవరానిది కంటి తెర పరీక్ష. రెండు కిలోల లోపు బరువుతో గానీ 34 వారాల లోపు గానీ పుట్టినవారికి 30 రోజులలోగా ఈ పరీక్ష జరగాలి. మరీ ముందుగా పుట్టినవారికి అంతకన్నా త్వరగా అవసరం. గడువు దాటితే చూపు తిరిగి తేవడం దుస్సాధ్యం. ఇంటికి పంపే కాగితంలో ఈ తేదీ రాసి ఉన్నదో లేదో అడిగి తెలుసుకోవాలి. వినికిడి పరీక్ష కూడా అంతే.

టీకాల గురించి ఇక్కడ వివరంగా రాయనవసరం లేదు. పట్టిక మాతా శిశు సంరక్షణ కార్డులోనే ఉంటుంది. బుధ, శనివారాలలో గ్రామాలలో ఉచితంగా వేస్తున్నారు. పుట్టిన వెంటనే బి.సి.జి., పోలియో, హెపటైటిస్-బి, తరువాత 6, 10, 14 వారాలకు, 9 నెలలకు, 16 - 24 నెలల నడుమ, అయిదో ఏట. వీటిలో 9 నెలల తరువాతివి మరచిపోతున్నవారు ఎక్కువ. తేదీ దాటినా మళ్లీ మొదటి నుంచి వేయించుకోనక్కరలేదు, మిగిలినవి వేయించుకుంటే సరిపోతుంది. హైదరాబాద్‌లో తయారైన రోటా వైరస్ టీకాను 2016లో తొలుత ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

కాలువ గట్టు, చెరువు మెట్లు

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన నాటి నుంచి కోనసీమకు అన్నం పెడుతున్న కాలువలే పసిపిల్లలకు మృత్యుముఖాలు కావడం ఈ ప్రాంత విషాదం. నడక నేర్చిన బిడ్డ పెరటి చెరువు వద్దకు వెళ్లడానికి తల్లి పొయ్యి మీద కూర కలిపేంత సమయం చాలు. వాకిలికి అడ్డంగా మోకాలెత్తు చెక్క పలక, చెరువు చుట్టూ కొబ్బరి మట్టల దడి, ఇవి ఖర్చుతో కూడినవి కావు. మునిగిన బిడ్డను బయటకు తీసినప్పుడు కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం సరికాదు. దానివల్ల కాలం వృథా అవుతుంది, పొట్టలోనిది ఊపిరితిత్తులలోకి పోతుంది. ఊపిరి లేకుంటే గట్టి నేల మీద పడుకోబెట్టి, నోట్లో నోరు పెట్టి అయిదు శ్వాసలు ఊది, ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టాలి. 108 వచ్చే వరకు ఆపరాదు. బిడ్డ కోలుకుని మాట్లాడినా ఆసుపత్రిలో చూపించవలసిందే.

పాము కాటు విషయంలో కట్లపాము ప్రత్యేకంగా ప్రమాదకారి. రాత్రి నేలమీద నిద్రిస్తున్న పిల్లలను కరుస్తుంది. గాటు కనిపించదు, వాపు రాదు. తెల్లవారుజామున బిడ్డ కడుపునొప్పి అని లేచి, కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వస్తే పాము కాటును అనుమానించాలి. తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రగాడి వద్దకు పరుగు ఇవేవీ వద్దు. కరచిన కాలు లేక చేయి కదలకుండా ఉంచి, బిడ్డను నడిపించకుండా ఎత్తుకుని తీసుకువెళ్లాలి. పామును చంపి తేనక్కరలేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే విరుగుడు మందు. బయలుదేరే ముందే ఆసుపత్రికి ఫోను చేసి మందు నిల్వ ఉన్నదా అని అడగడం మంచిది.

ఆసుపత్రిలో మీకు రావలసినవి

2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, తల్లికి భోజనం అన్నీ ఉచితం. జబ్బుపడిన శిశువుకు ఏడాది వరకు ఇవే సౌకర్యాలు వర్తిస్తాయి. ఇంటి నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి, తిరిగి ఇంటికి ప్రయాణం సైతం ఉచితమే. కాగా పురిటి వార్డులలో మగబిడ్డకింత, ఆడబిడ్డకింత అని మామూళ్లు అడగడం కొన్నిచోట్ల వినవస్తున్న ఆరోపణ. ఇవ్వనక్కరలేదు. సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2014లో ఎన్టీఆర్ వైద్యసేవగా, 2019లో తిరిగి ఆరోగ్యశ్రీగా, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన పథకం పేద కుటుంబాలకు పెద్ద ఆధారం. పేరు మార్పుల వల్ల పాత కార్డు చెల్లదేమోనని సందేహిస్తున్నవారు ఉన్నారు. బియ్యం కార్డు, ఆధార్‌తో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిస్తే అర్హత చెబుతారు. చేర్చిన వెంటనే ఆరోగ్యమిత్రను కలవడం ముఖ్యం. ముందు డబ్బు కట్టి, తరువాత పథకంలోకి మార్చమంటే చిక్కులు వస్తాయి. చేర్చబోయే ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉన్నదా, బిడ్డ జబ్బు జాబితాలో ఉన్నదా అన్నవి 104కు ఫోను చేసి తెలుసుకోవచ్చు. పథకం వర్తించని చికిత్సకు ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి సాయం కోరవచ్చు. అసలు బిల్లులు, అంచనా పత్రం, డిశ్చార్జి కాగితం పారేయకుండా ఉంచుకోవాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చే ముందు ఈ రెండు ద్వారాలు తట్టి చూడాలి.

పుట్టుకతో వచ్చే లోపాలకు వేరే దారి ఉంది. 2013లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలను, ప్రభుత్వ పాఠశాలలను సందర్శించి 18 ఏళ్ల లోపు వారిని పరీక్షిస్తాయి. గ్రహణం మొర్రి, వంకర పాదాలు, గుండె లోపం, వినికిడి లోపం, పుట్టుకతో వచ్చిన కంటి శుక్లం వంటివి గుర్తించి ఉచిత చికిత్సకు పంపుతాయి. గ్రహణం వేళ తల్లి కత్తి పట్టుకోవడం వల్ల మొర్రి రాదు. ఆ నింద మోస్తున్న తల్లులకు ఈ సంగతి ఇంటివారే చెప్పాలి. పెదవి శస్త్రచికిత్స సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య చేస్తారు. వంకర పాదాలకు పుట్టిన కొద్ది వారాలలోనే కట్లు మొదలుపెడితే పెద్ద ఆపరేషను అవసరం లేకుండానే చాలావరకు సరి అవుతాయి.

పాలు తాగుతూ చెమటలు పట్టడం, అలసిపోయి మధ్యలో ఆపడం, బరువు పెరగకపోవడం, పెదవులు నీలం కావడం, మాటిమాటికీ న్యుమోనియా రావడం గుండె లోపానికి సూచనలు. పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థలో గుండె శస్త్రచికిత్సలు ఉచితంగా చేస్తారు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 2021 అక్టోబరులో పిల్లల కోసమే శ్రీ పద్మావతి హృదయాలయాన్ని నెలకొల్పింది. కోనసీమ నుంచి ఆ ప్రయాణం దూరమే. కోటిపల్లి - నరసాపురం రైలు మార్గం పూర్తి కాలేదు కనుక ముందు రాజమహేంద్రవరమో సామర్లకోటో చేరుకోవాలి. బయలుదేరే ముందు ఎకో పరీక్ష నివేదికతో ఆసుపత్రికి ఫోను చేసి తేదీ తీసుకోవడం వల్ల వృథా ప్రయాణం తప్పుతుంది.

తీవ్ర పోషకాహార లోపం ఉన్న బిడ్డల కోసం పోషకాహార పునరావాస కేంద్రాలు ఉన్నాయి. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే అంగన్‌వాడీ కార్యకర్త అక్కడికి పంపుతారు. బిడ్డతో ఉండే తల్లికి భోజనం, కోల్పోయిన కూలికి పరిహారం ఇస్తారు. ఈ సంగతి తెలియక, పని పోతుందని వెళ్లని తల్లులు ఉన్నారు.

తల్లి కువైట్‌లో, బిడ్డ నాన్నమ్మ వద్ద

కోనసీమలో వేలాది కుటుంబాలది ఇదే స్థితి. రాజోలు, మలికిపురం, మామిడికుదురు, అల్లవరం ప్రాంతాల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్, దోహా వెళ్లినవారి పిల్లలు అమ్మమ్మ, నాన్నమ్మల పెంపకంలో ఉన్నారు. బిడ్డకు జబ్బు చేసినప్పుడు ఆ ముసలి ప్రాణం మీద రెండు భారాలు పడతాయి. నిర్ణయం తీసుకోవాలి, నిర్ణయం తప్పితే మాట పడాలి. ఫోనులో కొడుకు దొరికే వరకు ఆగుదామని ఆలస్యం చేయడం ఇందువల్లనే.

విదేశాలకు వెళ్లే తల్లిదండ్రులు ముందుగానే కొన్ని ఏర్పాట్లు చేసి వెళ్లాలి. బిడ్డ వైద్యానికి సమ్మతి తెలిపే అధికారం ఫలానా వారికి ఇస్తున్నట్లు సంతకాలతో కాగితం రాసి, నోటరీ చేయించి ఇంట్లో ఉంచాలి. టీకాల కార్డు, ఆధార్, బియ్యం కార్డు, బిడ్డకు పడని మందుల పేర్లు ఒకే సంచిలో పెట్టాలి. ‘నాతో మాట్లాడే వరకు ఆగకండి, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి’ అని నోటితో చెప్పి వెళ్లాలి. ప్రాణాపాయ స్థితిలో సంతకం కోసం వైద్యులు చికిత్స ఆపనక్కరలేదు. ప్రమాదాలలో గాయపడినవారికి తక్షణ చికిత్స అందించడం ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరి బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది.

వరద రాకముందు

1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను, 1996 నవంబరు 6 నాటి తుపానును ఈ ప్రాంతం మరువలేదు. 2022 జులైలో సుమారు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికే లంకలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. జులై నుంచి సెప్టెంబరు వరకు కాన్పు తేదీ ఉన్న లంక గ్రామాల గర్భిణులు వారం పది రోజులు ముందుగానే ఒడ్డున ఉన్న బంధువుల ఇంటికో, ఆసుపత్రికో చేరుకోవాలి. పడవలో కాన్పు అన్నది వార్తగా రాయడానికి బాగుంటుంది గానీ, ఆ తల్లి పడే యాతన రాసేవారికి తెలియదు.

ప్రతి ఇంట్లో ఆ మూడు నెలలు నాలుగు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, జింకు మాత్రలు, పారాసిటమాల్, క్లోరిన్ బిళ్లలు, టార్చిలైటు, ఛార్జి చేసిన ఫోను ఉండాలి. మూర్ఛ, ఉబ్బసం, తలసీమియా వంటి దీర్ఘవ్యాధులున్న పిల్లలకు నెలకు సరిపడా మందులు ముందే తెచ్చుకోవాలి. బోరు నీరు మునిగితే క్లోరిన్ కలిపిన తరువాత అరగంట ఆగి తాగాలి. సందేహం ఉంటే కాచి చల్లార్చడమే నయం. వరద తగ్గిన తరువాత ఇల్లు శుభ్రం చేసేటప్పుడు పిల్లలను దూరంగా ఉంచాలి. గడ్డివాములలో, కొబ్బరి పీచు కుప్పలలో పాములు దాగి ఉంటాయి. ఆ వారంలో గ్రామానికి వచ్చే వైద్య శిబిరం ఎప్పుడు, ఎక్కడ అన్నది ఏ.ఎన్.ఎం. వద్ద గానీ, సచివాలయంలో గానీ తెలుస్తుంది.